ఖాళీ డబ్బా ఇవ్వకూడదు

జూన్ 5, గురువారం

మా కాలనీ పల్లంరాజు గారి గృహప్రవేశానికి వెళ్ళొచ్చాను. వచ్చిన బహుమతుల్లో గోడ గడియారాలే పదకొండు. భోజనాలకు పిలిచేలోపు కూర్చుని లెక్కపెట్టాను. ఏది నచ్చితే అది తగిలించుకుందామని అన్నిటికీ బ్యాటరీలు వేసి గోడకు వరసగా ఆనించారు. పదకొండూ పదకొండు టైములు చూపిస్తున్నాయి. పల్లంరాజు గారు నన్ను పక్కకు పిలిచి, "మేష్టారూ, మీకేమన్నా గడియారం కావాలాండీ?" అని గుసగుసగా అడిగారు. మేమిచ్చింది కూడా గడియారమే. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. ఒక్కో గడియారానికీ ఒక అట్టపెట్టె, లోపల థర్మాకోలు, పైన మెరుపు కాగితం, దాని మీద ప్లాస్టిక్ పువ్వు. సాయంత్రానికి అదంతా వాళ్ళ పెరటి వెనక కాలవలోకి వెళ్ళింది. ఆ కాలవ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. మనసు వికలమైపోయింది. భోజనం మాత్రం బాగుంది, ముఖ్యంగా పనసపొట్టు కూర.

దీనికి ఏదో ఒకటి చెయ్యాలి. నేను తప్ప ఈ కాలనీలో చేసేవాళ్ళు లేరు.

జూన్ 8, ఆదివారం

తొమ్మిదింటికి ద్రాక్షారామం నుంచి అక్క ఫోను. పాత ఫోన్ల రోజుల నుంచీ ఒక్క ఆదివారం తప్పలేదు. బావ చనిపోయిన వారం కూడా చేసింది. "ఆదివారం కదరా, ఏం తోచట్లేదు" అంది అప్పుడు. మా అక్క లలితాంబ అలాంటి మనిషి.

గడియారాల సంగతి చెబితే పడిపడి నవ్వింది. వేంకటేశ్వర్లు బావ మొదలుపెట్టి సగంలో వదిలేసి వెళ్ళిపోయిన మేడ ఈ శ్రావణానికి పూర్తవుతుందట. "నాకేం తేవద్దురా భాస్కరం. నువ్వొచ్చి కూర్చుంటే చాలు" అంది. అలా అన్నవాళ్ళందరూ మనం ఏం తెచ్చామో చూస్తారు.

మామూలుగానే, "డబ్బా వాడుతున్నావా?" అని కూడా అడిగింది. మా పెళ్ళికి తనూ బావా ఇచ్చిన స్టీలు డబ్బా. ఏడాదికి రెండు మూడుసార్లయినా అడుగుతుంది. "నీ డబ్బా లేనిదే మా వంటింట్లో పొద్దు గడవదక్కా" అన్నాను. అది ఏ డబ్బాయో నాకు తెలియదు. పెద్దవాళ్ళ మనసు కష్టపెట్టకూడదు. "అలాగా" అని ఊరుకుంది.

ఆ మాటకొస్తే నేనూ అడగొచ్చు, నాన్న వాచీ గురించి. నాన్న పోయింది అక్కావాళ్ళింట్లో. వాచీ ఆయన చేతికే ఉండేది. ముప్ఫై రెండేళ్ళయింది. అక్క ఆ ఊసెత్తలేదు, నేను అడగలేదు. నా సంస్కారం అలాంటిది.

జూన్ 22, ఆదివారం

కాలనీ పర్యావరణ పరిరక్షణ కమిటీ ఏర్పడింది. అధ్యక్షుణ్ణి నేను, కార్యదర్శి పల్లంరాజు గారు. సభ్యులు ఐదుగురు, అందులో ఇద్దరికి ఈ సంగతి ఇంకా తెలియదు. ప్రతిజ్ఞ నేనే రాశాను: "ఏ శుభకార్యానికీ కొత్త వస్తువు కొని ఇవ్వను. ఇంట్లో వాడకుండా పడి ఉన్న మంచి వస్తువునే ఇస్తాను. ప్లాస్టిక్ కవరు వాడను."

నలభై ఒక్క ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మొక్కలు నాటమని పిలిస్తే ముగ్గురు వచ్చేవారు. ఇంత ఉత్సాహం ఏమిటా అనుకున్నాను. తరవాత తెలిసింది, అందరి అటకల మీదా ఉన్నది ఒకటే సరుకని.

మా ఆవిడ హైమ సంతకం పెడుతూ, "పాతదైనా కొత్తదైనా గిన్నె ఖాళీగా మాత్రం ఇవ్వకూడదండీ. గుప్పెడు బియ్యమో పంచదారో వేసి ఇవ్వాలి" అంది. మూఢనమ్మకం అన్నాను. "నమ్మకం కాదండీ, మర్యాద" అని పెన్ను మూత పెట్టి వెళ్ళిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మా వాదనలన్నీ ఇలా పెన్ను మూత దగ్గరే ఆగిపోతాయి.

ఆగస్టు 3, ఆదివారం

ఉద్యమం ఊపందుకుంది. శ్రావణం మొదలై పదిరోజులు కాకుండానే ఒక నాలుగు గిన్నెల క్యారియర్ ఆరిళ్ళు తిరిగింది. స్టీలు సామాను మీద పేర్లు కొట్టే అబ్బులుకు చేతినిండా పని. పాత పేరు కింద కొత్త పేరు, దాని కింద ఇంకో పేరు. క్యారియర్ మీద జాగా అయిపోయి, ఆరో దంపతుల పేర్లు మూత లోపల కొట్టాల్సి వచ్చింది. ఒక బేసిన్ మీద పేర్లు చదువుకుంటూ రెండు కుటుంబాలవాళ్ళు తమకు బీరకాయ పీచు చుట్టరికం ఉందని కనిపెట్టారు.

చిన్న ఇబ్బందులు లేకపోలేదు. పల్లంరాజు గారు శుక్రవారం ఎవరికో ఇచ్చిన జల్లెడ బుధవారం తన మనవడి బారసాలకు ఆయనకే వచ్చింది. అత్యవసర సమావేశం పెట్టించారు. ఒక వస్తువు ఇచ్చినవాళ్ళకే తిరిగి రావాలంటే కనీసం తొంభై రోజులు ఆగాలని తీర్మానించాం.

అక్క ఫోను. పదమూడో తారీఖు గృహప్రవేశం. నాన్న వాచీ ఊసు ఎత్తలేదు. నేను అడగలేదు.

ఆగస్టు 11, సోమవారం

అటకెక్కాను. హైమ గుడికి వెళ్ళింది, అదీ మంచిదే అయింది. తను ఉంటే నిచ్చెన పట్టుకుని సలహాలు ఇస్తుంది.

మా పెళ్ళి సామానంతా గోనెసంచుల్లోనే ఉంది. పెళ్ళయిన పదిహేను రోజులకే నాకు పోలవరంలో ఉద్యోగం వచ్చి, ఇద్దరం రెండు పెట్టెలతో వెళ్ళిపోయాం. ఈ సంచులు అమ్మ దగ్గర అటక మీద ఉండిపోయాయి. తరవాత మేం ఇల్లు మారినప్పుడల్లా ఇవి ఒక అటక మీంచి దిగి ఇంకో అటక ఎక్కాయి. ఒక్కటీ విప్పలేదు. వెతికి వెతికి ఒక పెద్ద డబ్బా తీశాను. మెరుగు తగ్గలేదు. ఎంత బరువంటే దింపుతుంటే నడుం పట్టేసింది. ఆ రోజుల్లో స్టీలు అంటే స్టీలే. ఈ రోజుల్లో డబ్బాలు అప్పడాల్లా ఉంటున్నాయి.

ఆటోలో వేసుకుని అబ్బులు దగ్గరకు తీసుకెళ్ళాను. "అక్కకు గృహప్రవేశ శుభాకాంక్షలతో, తమ్ముడు ఉదయ్‌భాస్కర్, మరదలు హైమ" అని మూత మీద కొట్టమన్నాను.

"అడుగున ఏదో పాత పేరుందండి సార్. తిప్పి చూసుకుంటారా?" అన్నాడు.

"పాతవి ఇవ్వాలనే కదయ్యా మన ఉద్యమం. పేరుంటే ఉండనీ" అన్నాను.

"మూత కూడా బిగుసుకుపోయిందండి. కొంచెం వేడిచేసి తీసి, లోపల తుడిచి ఇమ్మంటారా?"

"గ్యాసు దండగ" అన్నాను. అనవసరంగా ఇంధనం కాల్చడం నా పద్ధతి కాదు.

ఆగస్టు 13, బుధవారం

గృహప్రవేశం బాగా జరిగింది. భోజనాల గదిలో బావ ఫొటో తగిలించారు. నా బహుమతిని పాత దినపత్రికలో చుట్టి, కొబ్బరిపీచు తాడు కట్టి ఇచ్చాను. అందరూ చూశారు. ఉద్యమం గురించి నాలుగు మాటలు చెప్పాను, పురోహితుడు గారు చేతి గడియారం చూసుకునేదాకా.

"ఇంత బరువుందేంట్రా? ఏం పెట్టేవు లోపల?" అంది అక్క.

"ఏం లేదక్కా, ఖాళీదే. పాతకాలం స్టీలు."

కాగితం విప్పింది. మూత మీద నేను కొట్టించింది చదివి నవ్వింది. తరవాత డబ్బాను ఒళ్ళో పడుకోబెట్టి, అడుగున ఉన్నది కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చాలాసేపు చదివింది. రెండు లైన్లకంటే ఉండదు అక్కడ.

"ఇది ఖాళీదని చూసేవా?" అంది.

"చూడకుండా ఇస్తానా అక్కా!" అన్నాను.

డబ్బాను చంకనెత్తుకుని దేవుడి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. భోజనాల దగ్గరకు రాలేదు. ఉపవాసం అయి ఉంటుంది. బుధవారం ఉపవాసం ఎప్పటినుంచో మరి.

ఆగస్టు 17, ఆదివారం

తొమ్మిది. తొమ్మిదింబావు. పది. ఫోను రాలేదు. సిగ్నల్ ఉండి ఉండదు.

ఆగస్టు 18, సోమవారం

సిగ్నల్ ఉందట. హైమ మాట్లాడింది. "బానే ఉన్నాను హైమా" అని పెట్టేసిందట.

ఆగస్టు 24, ఆదివారం

రాలేదు. నేనేం పట్టించుకోవడం లేదు. పొద్దున్నే ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకా ఫోను పక్కన కూర్చున్నది పేపరు చదువుకోవడానికి.

సాయంత్రం హైమ అటక సర్దుతూ పైనుంచి అరిచింది. "ఆ పెద్ద డబ్బా ఏదండీ? మన పెళ్ళికి లలిత వదినగారూ అన్నయ్యగారూ ఇచ్చింది?"

హైమ నిచ్చెన దిగి వచ్చి నా మొహం చూసింది.

"ఇచ్చినవాళ్ళకే ఇచ్చేశారా?"

"తొంభై రోజుల నిబంధన దాటింది కదా" అన్నాను.

హైమ కుర్చీలో కూలబడింది. ముందు నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. రెండూ చేసినట్టుంది.

అడుగున ఉన్నది బావ పేరు. బావ కొట్టించిన పేరు. అక్క అంతసేపు చదివింది అదన్నమాట. తలుచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతోంది. కానీ కావాలని చేశానా? పర్యావరణం కోసం చేశాను.

ఆగస్టు 27, బుధవారం, వినాయక చవితి

అక్కకు ఏదైనా పంపి ప్రసన్నం చేసుకోవాలి. చీర కొనడానికి లేదు, ప్రతిజ్ఞ నా చేతిరాతలోనే ఉంది. బాగా ఆలోచించి నేను సొంతంగా చేసిన వానపాముల ఎరువు ఐదు కిలోలు, నా పాత చొక్కాతో హైమ చేత సంచీ కుట్టించి, బస్సు పార్సిల్లో పంపాను. హైమ, "పండగపూట ఆడపడుచుకు పేడ పంపుతున్నారు" అంది. అది పేడ కాదు. ఎన్నిసార్లు చెప్పినా అర్థం చేసుకోదు.

సెప్టెంబరు 2, మంగళవారం

ద్రాక్షారామం నుంచి పార్సిల్! విప్పి చూస్తే నా చొక్కా సంచీయే. ఎరువు లేదు. నిండా పంచదార. ఒక చీటీ కూడా ఉంది. అక్క చేతిరాత: "ఖాళీగా పంపకూడదు."

చూశావా, కరిగింది మనసు. తీపి పంపింది.

సెప్టెంబరు 7, ఆదివారం

ఫోను రాలేదు. మనసు కరిగిందనుకున్నానే.

సెప్టెంబరు 9, మంగళవారం

ఇంకో పార్సిల్. పదిహేనేళ్ళ క్రితం నేను అక్కకిచ్చిన ఫ్లాస్కు. నిండా పంచదార. "ఖాళీగా పంపకూడదు."

సెప్టెంబరు 12, శుక్రవారం

నేనిచ్చిన పాల చెంబు. పంచదార. అదే చీటీ.

హైమ: "వదినగారు ఏదో చెబుతున్నారండీ."

నేను: "పంచదారతో ఏం చెబుతారు?"

హైమ: "ఆ డబ్బా ఇచ్చేముందు లోపల చూశారా, నిజం చెప్పండి."

చూశాననే చెప్పాను. అన్నిచోట్లా ఒకే మాట చెప్పడం మంచిది.

సెప్టెంబరు 16, మంగళవారం

వస్తువులు పంపితే తిరిగొస్తున్నాయి. అందుకని సేవను బహుమతిగా ఇద్దామనుకున్నాను. వాడేసిన శుభలేఖ వెనకాల అందంగా రాసి పంపాను: "ఈ కూపను చూపినచో తమ్ముడు వచ్చి మేడ మీద నీళ్ళ ట్యాంకు కడిగి పెట్టును. గడువు లేదు." ఇంతకంటే వ్యర్థం లేని బహుమతి ప్రపంచంలో ఉండదు. కమిటీలో కూడా చదివి వినిపించాను. పల్లంరాజు గారు తనకూ ఒక కూపను కావాలన్నారు.

సెప్టెంబరు 20, శనివారం

కూపను తిరిగి వచ్చింది. గ్లాసెడు పంచదారలో నిలువునా గుచ్చి ఉంది.

సెప్టెంబరు 23, మంగళవారం

ఇంట్లో చీమలు. ముందు వంటింటి గట్టు మీద ఒక వరస. తరవాత అన్ని గదుల్లోనూ. మందు కొట్టడానికి వీల్లేదు, ఆ ప్రతిజ్ఞ కూడా నేనే రాశాను. గుమ్మాలకు పసుపు గీతలు గీశాను. చీమలు గీత దాకా వచ్చి, కాసేపు ఆగి, పసుపు కాళ్ళతో లోపలికి వచ్చాయి. మంచం కోళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెట్టుకుని పడుకుంటున్నాం. గిన్నెల మీద ఎవరెవరి పేర్లో ఉన్నాయి.

"అధ్యక్షులవారు చీమలతో ఒక సమావేశం పెట్టకూడదూ?" అంది హైమ.

ఈ పేజీ మీద కదిలే చుక్కలు సిరా కాదు.

సెప్టెంబరు 28, ఆదివారం

ఏడో ఆదివారం. రాలేదు.

సాయంత్రం కాళ్ళు వాటంతటవే మెయిన్ రోడ్డులో చీరల దుకాణానికి తీసుకెళ్ళాయి. లోపలికి అడుగుపెట్టేసరికి పరుపు మీద పల్లంరాజు గారు కూర్చుని ఉన్నారు. ముందు ఏడెనిమిది పట్టుచీరలు పరిచి ఉన్నాయి. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

"ఏసీ చల్లగా ఉంటుందని వచ్చేనండి" అన్నారాయన.

"నేనూ అందుకే" అన్నాను.

అరగంట పక్కపక్కన కూర్చుని చల్లబడి, ఖాళీ చేతులతో బయటికి వచ్చాం. దుకాణంవాళ్ళు మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

అక్టోబరు 12, ఆదివారం

నేనే చేద్దామని అక్క నంబరు నొక్కాను. ఒకసారి మోగగానే కట్ చేశాను. తప్పు నాదని ఒప్పుకోవడానికి సిద్ధమే. కానీ ఆమె కూడా కొంచెం ఆలోచించాలి. నాన్న వాచీ ముప్ఫై రెండేళ్ళు తన దగ్గర పెట్టుకుంది, నేను ఒక్కసారైనా ఫోను మానేశానా? అడిగానా? అడగలేదు.

ఈ వయసులో నాకు మిగిలింది అక్క ఒక్కతే. నన్ను "భాస్కరం" అని పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఇది రాసినందుకు సిగ్గుగా ఉంది, కొట్టెయ్యను.

అక్టోబరు 20, సోమవారం, దీపావళి

టపాసులు కాల్చలేదు. కాలనీలో కాల్చినవాళ్ళు కమిటీ సభ్యులే.

గురువారం భగినీ హస్త భోజనం. పుట్టి బుద్ధెరిగాక అక్క చేతి భోజనం లేని విదియ లేదు. ఏటా వారం ముందే, "పెందరాళే రారా, బూరెలు చల్లారిపోతాయి" అని చెబుతుంది. ఈసారి పిలవలేదు.

అక్టోబరు 22, బుధవారం

రేపు వెళుతున్నాను. పిలవకపోయినా సరే. గెంటేస్తే గుమ్మం దగ్గర కూర్చుంటాను. హైమ నా చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

అక్టోబరు 23, గురువారం

అన్నీ వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నా తరఫున మార్చి రాసుకుంటాను.

అక్క ఇంటికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. కొత్తది కొనకూడదు. అందుకని అక్క ఇన్నాళ్ళూ పంపిన పంచదారంతా ఒక పెద్ద గిన్నెలో పోసి, గుడ్డ కట్టి, ఏడింటి బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చీమలు కూడా నాతో టిక్కెట్టు లేకుండా వచ్చాయి. రామచంద్రపురం వచ్చేసరికి నా పక్క సీటూ వెనక సీటూ ఖాళీ అయ్యాయి.

అక్క వీధి అరుగు మీద నిలబడి ఉంది, బస్సు వచ్చే వైపే చూస్తూ. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"వచ్చేవా. కాళ్ళు కడుక్కో" అంది.

గిన్నె అందించాను. గుడ్డ విప్పి చూసి లోపల పెట్టింది. విస్తరి వేసింది. కంద బచ్చలి కూర, పులిహోర, బూరెలు, పప్పు, చివర పరమాన్నం. ఎడమచేత్తో గిన్నె పట్టుకుని కుడిచేత్తో వడ్డించింది. నేను తల వంచుకుని, ఏది వడ్డిస్తే అది తిన్నాను. బావ ఫొటో వైపు చూడలేదు. అక్క వైపూ చూడలేదు.

"తీపి సరిపోయిందా?" అంది.

"సరిపోయిందక్కా."

"ముప్ఫై ఒక్క ఏళ్ళ నాటి పంచదార. రోకలితో కొట్టాల్సి వచ్చింది."

నాకు అర్థం కాలేదు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి డబ్బా నా పీట ముందుంది. మూత తీసి ఉంది. అందులో పంచదార, పంచదార అంటే రాయి. పసుపుపచ్చగా, డబ్బా ఆకారంలో గడ్డకట్టిన రాయి. ఒక పక్క పగలగొట్టి ఉంది. పాతకాలం స్టీలు బరువు అదన్నమాట.

గడ్డ నడుమ ఒక గుంట. గుండ్రంగా, దానికి రెండువైపులా పట్టీ పడుకున్నట్టు గాడి. చేత్తో తడిమాను. చిన్నప్పుడు ఎన్నోసార్లు నాన్న నిద్రపోతుంటే తడిమిన ఆకారమే.

"మీ బావ రామచంద్రపురం పట్టుకెళ్ళి బాగుచేయించేరు. కొత్త పట్టీ వేయించేరు. ఖాళీ డబ్బా ఇవ్వకూడదు కదా, మూడు కిలోల పంచదార పోసి, గుడ్డలో చుట్టి మధ్యలో పెట్టేను. మూత తీస్తావు, పంచదార తీస్తుంటే కనపడుతుంది, పరిగెత్తుకొస్తావనుకున్నాం."

చెయ్యి ఆ గుంటలోంచి తీసుకున్నాను.

"నువ్వు రాలేదు. చేతికీ పెట్టుకోలేదు. అందరూ కొత్త కొత్తవి ఇచ్చేరు, మనం పాతది ఇచ్చేం, అందుకని వాడు చిన్నబుచ్చుకున్నాడు అనుకున్నాం. ఆస్పత్రిలో కూడా అన్నారు మీ బావ. 'కొత్తది కొనాల్సింది లలితా' అని."

పాతవి ఇవ్వమని నలభై ఒక్క ఇళ్ళవాళ్ళ చేత సంతకాలు పెట్టించినవాణ్ణి నేను. బావ ఫొటోలోంచి నా వైపే చూస్తున్నారు. ఆయనకు ఇక చెప్పడానికి లేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

"ఏడాదికి మూడుసార్లు డబ్బా వాడుతున్నావా అని అడిగేదాన్ని. నువ్వు ఆ డబ్బా లేనిదే పొద్దు గడవదనేవాడివి."

"వాచీ ఏదిరా అని అడగొచ్చు కదక్కా."

"ఇచ్చినదాన్ని నేనెలా అడుగుతాన్రా? నువ్వడగొచ్చుగా, నాన్న వాచీ ఏదని?"

"నేను అడగలేదు" అన్నాను. నోట్లోంచి అదే మాట వచ్చింది. ఈ డైరీలో గొప్పగా రాసుకున్న మాట. పైకి ఇంత చిన్నగా వినిపిస్తుందని తెలియదు.

"ఇప్పుడడుగు" అంది అక్క.

అడిగాను.

"నాన్న వాచీ ఏదక్కా?"

అక్క ఎడమచెయ్యి ముందుకు చాపింది. మణికట్టుకు ఉంది. నేను తిన్నంతసేపూ, కూర గిన్నె, పప్పు గిన్నె, పరమాన్నం గిన్నె పట్టుకుని నా కళ్ళ ముందే తిరిగిన చెయ్యి. ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే కనపడేది.

తనే విప్పి నా చేతికి పెట్టింది. పట్టీ బిగుసుకుపోయి ఉంది, చివరి కన్నానికి గానీ రాలేదు. అప్పటి నా చేతికి కొలిచి వేయించినదట.

వచ్చేటప్పుడు ఆ గిన్నెలోనే బూరెలు పెట్టి ఇచ్చింది. ఖాళీగా పంపకూడదు కదా.

అక్టోబరు 25, శనివారం

అత్యవసర సమావేశం. ప్రతిజ్ఞకు ఒక వాక్యం చేర్చాను: "ఇచ్చేముందు మూత తీసి చూడవలెను." ఎందుకని ఎవరూ అడగలేదు. ఇళ్ళకు పోయి తీశారు. ఒకరికి పోస్టు చెయ్యని 1987 నాటి శుభలేఖల కట్ట దొరికింది. పల్లంరాజు గారికి ఒక క్యారియర్ అడుగు గిన్నెలో మావగారి పళ్ళసెట్టు దొరికింది. ఆయన పోయే దాకా దాన్ని ఈయనే దాచారని అనుమానించారట. ఆ రాత్రి పల్లంరాజు గారు నిద్రపోలేదని ఆయన భార్య చెప్పింది.

వాచీ బాగుచేసే ఆయన దగ్గరకు తీసుకెళ్ళాను. వెనక మూత తీసి భూతద్దంతో చూసి, "లోపల పాకం పట్టేసిందండి. మొత్తం కడగాలి" అన్నాడు. కడగొద్దన్నాను. మూత పెట్టించుకుని వచ్చేశాను.

అక్టోబరు 26, ఆదివారం

తొమ్మిదింటికి ఫోను మోగింది. నా వాచీలో నాలుగూ పది.

"వాచీ పెట్టుకున్నావా?" అంది అక్క.

"పెట్టుకున్నానక్కా."

డబ్బా గురించి ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను చెప్పిన మాట కూడా ఇంత చక్కగానే ఉండేది. నమ్మమని ఏ మొహంతో అడగను?

"నిజంగానే పెట్టుకున్నావుట్రా?"

"చీమలు పాకుతున్నాయక్కా చేతి మీద" అన్నాను.

అక్క పడిపడి నవ్వింది. నమ్మింది.